వార్తల్లో పదం: లాసీ కంప్రెషన్

ఆన్‌లైన్ దరఖాస్తేమో ఫొటో 50 కేబీ దాటకూడదంటుంది. ఫోన్ కెమెరా తీసేది 4 ఎంబీ. ఈ అంతరాన్ని పూడ్చేదే లాసీ కంప్రెషన్: కంటికి అంతగా ఆనని వివరాలను ఫైల్లోంచి శాశ్వతంగా తీసేయడం.

1992లో ప్రమాణంగా వచ్చిన జేపెగ్ ఈ విద్యలో పాతకాపు. మన కన్ను వెలుగునీడల్ని పట్టినంత చురుగ్గా రంగుల తేడాను పట్టదు. అందుకే జేపెగ్ సాధారణంగా ముందు రంగుల సమాచారాన్ని పలుచన చేస్తుంది. తర్వాత బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలోని సన్నసన్నటి మార్పుల్లో చాలావాటిని సున్నా చేసేస్తుంది. దీని వెనకున్న గణితం డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, టి.నటరాజన్, కె.ఆర్.రావులు 1974లో దాన్ని ప్రచురించారు. రోజూ కోట్ల ఫొటోలు పంపుకొనే మనలో ఈ పేర్లు విన్నవాళ్లు ఎందరుంటారు?

ఫైలు సైజు తగ్గించాలని చాలామంది సేవ్ చేసేటప్పుడు కనిపించే క్వాలిటీ అంకెను ఒక్కసారే 10కి లాగేస్తారు; ముఖం గళ్లుగళ్లుగా తేలుతుంది. ముందు తగ్గించాల్సింది కొలతలు. 4000 పిక్సెళ్ల వెడల్పును 1000కి దించితే, ఎత్తూ అదే లెక్కన తగ్గి, మొత్తం పిక్సెళ్లు పదహారో వంతుకు పడిపోతాయి. క్వాలిటీని 80 దగ్గర ఉంచినా తేడా కనిపించడం అరుదు. జేపెగ్‌ను మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంత నష్టం కాబట్టి అసలు ఫైలు దాచుకోవాలి. అక్షరాలున్న స్క్రీన్‌షాట్లకైతే ఇలా వివరాలు తీసేయని పీఎన్‌జీ ఫార్మాటే మేలు.