రెండు ఇయర్‌ఫోన్లు - ఒకే కాంటా



ఆర్మూరు పసుపు రైతుల బిడ్డలకు కాంటా సంగతి చెప్పనక్కరలేదు. కాంటా సరిగ్గా లేకపోతే ఏ రాశి ఎంతో తేలదు. ఇయర్‌ఫోన్ల సంగతీ అంతే.

పీజీలో నాకొకటి, నా రూమ్మేటుకొకటి ఉండేవి. అతనిదే మంచిదనుకుని, అలాంటిది కొనడానికి డబ్బు కూడబెట్టాను. తీరా చూస్తే, వాల్యూమ్ ఒకే గీత దగ్గర పెట్టినా అతనిది కాస్త గట్టిగా వినిపిస్తుంది, అంతే!

గట్టిగా వినిపించేదే బాగున్నట్టు తోస్తుంది. శబ్దం తగ్గినకొద్దీ మన చెవికి బేస్ మరింత తక్కువగా వినిపిస్తుందని బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. అందుకే పోల్చేముందు రెండింటి శబ్దం సమానం చేయాలి. ఫోన్, పాట ఒకటే ఉండాలి. రబ్బరు టిప్పు చెవిలో సరిగ్గా కుదరాలి, లేకుంటే బేస్ తగ్గిపోతుంది. ఆ తర్వాత డప్పు దెబ్బ, గాయకుడి గొంతు విడివిడిగా గమనించండి.

అలా విన్నాక మా రెండింటికీ పెద్ద తేడా తెలియలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. దాచిన డబ్బు పుస్తకాలకు పనికొచ్చింది.

ఇంకొక మాట. టిప్పు బాగా కుదిరితే బయటి రొద తగ్గి, తక్కువ శబ్దంతోనే పాట వినవచ్చు. వారానికి 40 గంటలు వినేటట్టయితే పెద్దలకు 80, పిల్లలకు 75 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 3 డెసిబెల్స్ పెరిగితే ఆ గంటలు సగమవుతాయి. లోపలి చెవిలో శబ్దాన్ని పసిగట్టే కణాలు దెబ్బతిని పోతే మళ్లీ పుట్టవు. ఇయర్‌ఫోన్ పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. చెవిని ఏ బజారులో కొంటాం?