క్యాన్సర్ పుట్టుక : బీజమా? క్షేత్రమా?

మానవుణ్ణి అనాదిగా వెన్నాడుతున్న వ్యాధులలో క్యాన్సర్ ఒకటి. సుశ్రుత సంహిత శరీరంలో పెరిగే ఒక విధమైన గడ్డను 'అర్బుదం' అని పేర్కొన్నది. ప్రాచీన గ్రీకు వైద్యులు ఈ వ్యాధిని ఎండ్రకాయతో పోల్చారు. ఆ జీవికి లాటిన్ భాషలో ఉన్న పేరే 'క్యాన్సర్'. తెలుగువారు దీనిని 'రాచపుండు' అన్నారు. ఈ పేర్లు వ్యాధి ఆకారాన్ని, పట్టును, తీవ్రతను తెలుపుతాయి. అది ఎక్కడ, ఎలా మొదలవుతుందో మాత్రం ఏ పేరూ తెలుపదు. ఆ ప్రశ్నకు సమాధానం వెదకుతూ శాస్త్రజ్ఞులు తరతరాలుగా వాదించుకొన్నారు, నేటికీ వాదించుకొంటున్నారు. ఇది కేవలం పండితుల వివాదం కాదు. వ్యాధికి మూలం ఎక్కడున్నదని నమ్మితే చికిత్స, నివారణ అటువైపే సాగుతాయి. అందువల్ల ఈ వాదంలోని ప్రతి మలుపూ వేలాది ప్రాణాలతో ముడిపడి ఉన్నది.

శరీరంలో రక్తం, శ్లేష్మం, పసుపుపచ్చని పైత్యరసం, నల్లని పైత్యరసం అనే నాలుగు ద్రవాలుంటాయని గ్రీకు వైద్యం బోధించింది. నల్లని పైత్యరసం మితిమీరి ఒకచోట పేరుకొన్నప్పుడు క్యాన్సర్ పుడుతుందని క్రీస్తుశకం రెండవ శతాబ్దికి చెందిన గేలెన్ వివరించాడు. యూరప్ వైద్యులు వెయ్యేళ్లకు పైగా ఈ మాటనే నమ్మారు. సూక్ష్మదర్శిని వచ్చిన తరువాత ఈ నమ్మకం సడలింది. జర్మనీకి చెందిన రుడాల్ఫ్ విర్కో 1858లో కణ రోగశాస్త్రానికి పునాది వేశాడు. ఏ కణమైనా మరొక కణం నుంచే పుడుతుందని, క్యాన్సర్ కణం కూడా రోగి సొంత కణానికి సంతానమేనని దీనివల్ల స్పష్టమైంది. అంటే శత్రువు బయటినుంచి దండెత్తి వచ్చినవాడు కాడు, ఇంటివాడే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. బుద్ధిగా మసలిన కణం దారి తప్పడానికి కారణమేమిటి? ఇక్కడే అసలు వివాదం మొదలైంది.

పంటకు ప్రధానం విత్తనమా, నేలా అన్న చర్చ మన ధర్మశాస్త్రాలలో కనిపిస్తుంది. దానికి బీజ క్షేత్ర చర్చ అని పేరు. క్యాన్సర్ సిద్ధాంతాలను కూడా ఈ రెండు పక్షాలుగా విభజించి చూడవచ్చు. దోషం కణంలోనే, అంటే బీజంలోనే ఉన్నదని ఒక పక్షం. దోషం ఆ కణం నివసించే కణజాలంలో, అంటే క్షేత్రంలో ఉన్నదని రెండవ పక్షం.

క్షేత్ర పక్షానికి మొదటి ఆధారాలు వైద్యుల పరిశీలనలో దొరికాయి. పుండు పడి, మాని, మళ్లీ రేగే చోట క్యాన్సర్ తరచుగా పుడుతుందని విర్కో గమనించాడు. దీర్ఘకాలపు రాపిడి, వాపు ఈ వ్యాధికి మూలమని అతడు ప్రతిపాదించాడు. అంతకుముందే, 1775లో, లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ పొగగొట్టాలు శుభ్రం చేసేవారిలో వృషణాల తిత్తిపై క్యాన్సర్ రావడానికి మసి కారణమని రాశాడు. బాల్యం నుంచి ఇరుకు గొట్టాలలో దూరే ఆ పిల్లల చర్మపు ముడుతలలో మసి ఏళ్ల తరబడి పేరుకొనేది. 1915లో జపాన్ శాస్త్రజ్ఞులు యమగివా, ఇచికావా కుందేళ్ల చెవులకు నెలల తరబడి బొగ్గు తారు పూసి క్యాన్సర్‌ను పుట్టించారు. పాట్ చెప్పిన మాటకు ఆ విధంగా ప్రయోగశాలలో సాక్ష్యం లభించింది.

బీజ పక్షానికి తొలి రూపమిచ్చినవాడు జర్మన్ జీవశాస్త్రజ్ఞుడు థియొడోర్ బొవెరీ. సీ అర్చిన్ అనే ముళ్ల సముద్రజీవి అండాలలో క్రోమోజోములు సరిగా పంపకం కాకపోతే పెరుగుదల వికృతమవుతుందని అతడు గ్రహించాడు. క్యాన్సర్ కూడా క్రోమోజోములు చెదరిన ఒకే ఒక కణం నుంచి పుడుతుందని 1914లో ప్రకటించాడు. ఆనాటికి దానిని నిరూపించే సాధనాలు లేవు. ఇంతలో 1911లో అమెరికాలో పేటన్ రౌస్ కోళ్లలో కణితులను కలిగించే వైరస్‌ను కనుగొన్నాడు. చాలామంది దానిని పట్టించుకోలేదు. మరోవైపు ఎలుకల కడుపులో క్యాన్సర్‌కు ఒక పురుగు కారణమని చెప్పిన డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఫిబిగర్‌కు 1926 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. అతని నిర్ణయం తప్పని తరువాతి పరిశోధనలు తేల్చాయి. రౌస్‌కు మాత్రం ఆ బహుమతి 1966లో, 55 ఏళ్ల తరువాత లభించింది. శాస్త్రంలో సన్మానం సత్యానికి కొలబద్ద కాదు. మళ్లీ చేసి చూసినప్పుడు నిలిచేదే సత్యం.

1950ల తరువాత బీజ పక్షం బలపడుతూ వచ్చింది. 1954లో ఇంగ్లండులో ఆర్మిటేజ్, డాల్ అనే శాస్త్రజ్ఞులు క్యాన్సర్ మరణాల లెక్కలు పరిశీలించారు. అనేక క్యాన్సర్ల వల్ల సంభవించే మరణాల రేటు వయస్సుకు సుమారు ఆరవ ఘాతంగా పెరుగుతున్నదని వారు గుర్తించారు. అంటే వయస్సు రెట్టింపైతే ఆ రేటు దాదాపు 64 రెట్లవుతుంది. కణంలో ఒక్క మార్పు చాలదని, ఆరేడు మార్పులు వరుసగా జరగాలని వారు ఊహించారు. ఈ వ్యాధి సాధారణంగా ముదిమిలో రావడానికి ఇదొక వివరణ. 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ పసిపిల్లల కంటిలో వచ్చే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌ను అధ్యయనం చేశాడు. ప్రతి కణంలో ఒక జన్యువుకు రెండు ప్రతులుంటాయి. ఆ రెండూ చెడితేనే కణితి పుడుతుందని, ఒకటి పుట్టుకతోనే చెడి ఉన్న పిల్లలలో వ్యాధి త్వరగా కనిపిస్తుందని అతడు నిరూపణకు అనువైన సూత్రం చెప్పాడు.

అయిదేళ్ల తరువాత, 1976లో, బిషప్, వార్మస్ బృందం ఒక ఆశ్చర్యకరమైన విషయం ప్రకటించింది. రౌస్ వైరస్‌లో కణితిని కలిగించే జన్యువు నిజానికి ఆరోగ్యవంతమైన కోడి కణాలలో ఉండే జన్యువు నుంచే వచ్చింది. వైరస్ దానిని ఎన్నడో ఎత్తుకుపోయింది. కణాన్ని పెరగమని అదిలించే ములుకోల వంటి జన్యువులు కొన్ని, ఆపే పగ్గం వంటివి మరికొన్ని ప్రతి దేహంలోనూ ఉన్నాయి. ములుకోల పోటు మితిమీరినా, పగ్గం తెగినా బండి దారి తప్పుతుంది. ఈ అవగాహన చికిత్సకు కూడా దారి చూపింది. ఒక రకం రక్త క్యాన్సర్‌లో రెండు క్రోమోజోముల ముక్కలు తారుమారు కావడం వల్ల పుట్టే దుష్ట ప్రోటీనును అణచే ఇమాటినిబ్ అనే మందు 2001లో వాడుకలోకి వచ్చింది. అంతకుముందు ప్రాణాంతకమైన ఆ వ్యాధితో ఎందరో ఇప్పుడు దీర్ఘకాలం జీవిస్తున్నారు. బీజ పక్షానికి ఇంతకన్న గొప్ప విజయం లేదు.

అయినా క్షేత్ర పక్షం ఓటమిని అంగీకరించలేదు. 1975లో మింట్జ్, ఇల్‌మెన్సీ ఎలుక కణితి నుంచి తీసిన క్యాన్సర్ కణాలను తొలిదశలో ఉన్న ఎలుక పిండంలో ప్రవేశపెట్టారు. అవి కణితిగా మారలేదు. చుట్టూ ఉన్న కణాలతో కలిసి ఆరోగ్యవంతమైన ఎలుకపిల్ల అవయవాలలో భాగమయ్యాయి. 1984లో మినా బిసెల్, డోల్‌బెర్గ్ రౌస్ వైరస్‌నే కోడి పిండంలోకి ఎక్కించారు. పెరిగిన కోడిలో కణితిని పుట్టించే ఆ వైరస్ పిండంలో పుట్టించలేకపోయింది. ఆ కణాలనే విడదీసి గాజుపాత్రలో పెంచినప్పుడు మాత్రం అవి క్యాన్సర్ లక్షణాలను చూపాయి. బీజం చెడ్డదైనా మంచి క్షేత్రం దానిని అదుపులో ఉంచగలదని ఈ ప్రయోగాలు సూచించాయి.

అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆనా సోటో, కార్లోస్ సోనెన్‌షైన్ 1999లో మరొక అడుగు ముందుకు వేశారు. క్యాన్సర్ ఒక కణానికి వచ్చే వ్యాధి కాదని, కణాల మధ్య సాగే సంభాషణ చెదరినప్పుడు కణజాలానికి వచ్చే వ్యాధి అని ప్రతిపాదించారు. 2004లో వారి బృందం ఎలుకల స్తన కణజాలంపై ఒక ప్రయోగం చేసింది. కణితులు సాధారణంగా పుట్టే పై కణాలను ఒకవైపు, వాటిని మోసే ఆధార కణజాలాన్ని మరొకవైపు వేరుచేశారు. ఆధార కణజాలానికి మాత్రమే క్యాన్సర్ కారక రసాయనం తగిలించి, అది సోకని కణాలను దానిపై నాటితే కణితులు పుట్టాయి. రసాయనం సోకిన కణాలను ఆరోగ్యకరమైన ఆధారంపై నాటితే పుట్టలేదు. ఈ ఒక్క ప్రయోగంతో జన్యు సిద్ధాంతం కూలిపోలేదు. కాని అది సమాధానం చెప్పవలసిన ప్రశ్న ఒకటి మిగిలింది.

ఆ ప్రశ్న 2015లో మరింత పదునెక్కింది. ఇంగ్లండులోని శాస్త్రజ్ఞులు నలుగురు వ్యక్తుల కనురెప్పల చర్మాన్ని పరీక్షించారు. అది క్యాన్సర్ లేని మామూలు చర్మం. అయినా దానిలోని సుమారు 18 నుంచి 32 శాతం కణాలలో క్యాన్సర్‌తో సంబంధమున్న ఉత్పరివర్తనాలు, అనగా జన్యుమార్పులు కనిపించాయి. 2018లో అన్నవాహికలోనూ ఇటువంటి స్థితినే కనుగొన్నారు. చెడిన బీజాలు ఇన్ని ఉన్నా, వాటిలో అత్యధికం ఎన్నటికీ మొలకెత్తవు. ఎందుకు?

దీనికి సమాధానపు బీజం 1940లలోనే పడింది. బెరెన్‌బ్లమ్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకల చర్మంపై ఒక క్యాన్సర్ కారక రసాయనాన్ని స్వల్పంగా ఒకసారి పూశాడు. దానివల్ల కణితులు రాలేదు. ఆ తరువాత అదేచోట మళ్లీ మళ్లీ నేపాళపు నూనె పూస్తే వచ్చాయి. మన ఆయుర్వేదంలో తీవ్రమైన విరేచనకారిగా ప్రసిద్ధమైన నేపాళం గింజల నూనె అది. చర్మాన్ని మండించి వాపు కలిగించడం దాని గుణం. నూనె ముందు పూసి రసాయనం తరువాత పూస్తే ఫలితం లేదు. మొదటిది కణంలో మచ్చ వేస్తుంది. రెండవది ఆ మచ్చపడ్డ కణాన్ని మేల్కొల్పుతుంది.

ఈ విషయం 2023లో కొత్త ప్రాధాన్యాన్ని పొందింది. పొగతాగనివారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎందుకు వస్తుందో లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థకు చెందిన చార్లెస్ స్వాంటన్ బృందం పరిశోధించింది. ఆరోగ్యవంతమైన ఊపిరితిత్తులలో కూడా ఉత్పరివర్తనం చెందిన కణాలు నిద్రాణంగా ఉండవచ్చునని, గాలిలోని సన్నని ధూళికణాలు వాపును రేపి వాటిని మేల్కొల్పుతాయని ఆ బృందం వివరించింది. ఎలుకలలో ఆ వాపును కలిగించే సంకేతాన్ని అడ్డుకొంటే కణితులు తగ్గాయి. బీజం, క్షేత్రం రెండూ కలిసినప్పుడే పంట పండుతుందన్న మాట వైపు ఈ విధంగా శాస్త్రం మొగ్గుతున్నది. ఏది ప్రధానమన్న వాదం మాత్రం ముగియలేదు.

ఈ వాదం తెలుగు నేలకు దూరమైనది కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతపు తీరగ్రామాలలో చుట్టను మండే కొస నోటిలోపల ఉండేటట్లు పెట్టుకొని తాగే అలవాటు ఉన్నది. దీనినే 'అడ్డపొగ' అంటారు. ముఖ్యంగా స్త్రీలలో కనిపించే ఈ అలవాటు వల్ల అంగిలిపై క్యాన్సర్ వస్తున్నదని ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలం నుంచి వైద్యులు నమోదు చేశారు. పొగలోని రసాయనాలు అంగిలి కణాల జన్యువులను చెరుపుతాయని బీజ పక్షం అంటుంది. నిప్పు వేడికి అంగిలి నిత్యం కమిలిపోవడమే ప్రధానమని క్షేత్ర పక్షం అంటుంది. ఎవరి వాదం నెగ్గినా ఆ తల్లి చేయవలసిన పని ఒక్కటే. చుట్టను విడిచిపెట్టడమే అది.

సిద్ధాంతం తేలేదాకా నివారణ ఆగనక్కరలేదని చరిత్ర చెబుతున్నది. పాట్‌కు జన్యువు అన్న మాటే తెలియదు. అయినా మసి కారణమని 1775లోనే గుర్తించాడు. కాని పిల్లలను పొగగొట్టాలలోకి ఎక్కించే దురాచారం ఇంగ్లండులో 1875 నాటి చట్టంతోగాని ఆగలేదు. ఆ నూరేళ్లలో లోపించింది జ్ఞానం కాదు. తెలిసినదానిని ఆచరణలో పెట్టాలన్న పట్టుదల లోపించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం క్యాన్సర్లలో 30 నుంచి 50 శాతం వరకు నివారించదగినవే. పొగాకుకు దూరంగా ఉండడం, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమైన వైరస్‌ను అడ్డుకొనే టీకా వేయించుకోవడం, కాలేయాన్ని కాపాడే హెపటైటిస్-బి టీకా వేయించుకోవడం, వంటింటి పొగను తగ్గించుకోవడం అందరికీ అర్థమయ్యే మార్గాలు. మిగిలిన క్యాన్సర్లలో అనేకం కణ విభజనలో అనుకోకుండా దొర్లే పొరపాట్ల వల్ల కూడా రావచ్చు. అందుచేత వ్యాధి సోకినవారిని పాపం చేసినవారిగా, అంటరానివారిగా చూడడం అజ్ఞానం. క్యాన్సర్ రోగి పక్కన కూర్చున్నా, అతనితో కలిసి భోజనం చేసినా ఆ వ్యాధి అంటుకోదు.

వచ్చిన బీజాన్ని ఎవరూ ఎంచుకోలేరు. క్షేత్రాన్ని మాత్రం చాలావరకు కాపాడుకోవచ్చు. ఆ క్షేత్రంలో మనిషి దేహంతోపాటు అతడు పీల్చే గాలి, తాగే నీరు, పనిచేసే చోటు కూడా ఉన్నాయి. వాటిని శుభ్రంగా ఉంచే బాధ్యత వ్యక్తితోపాటు సమాజానిది కూడా.