కొలతలిచ్చి కుట్టించిన సైకిలు!

మా చిన్నప్పుడు కర్నూల్లో దసరా వచ్చిందంటే కుర్రకారుకు ఒకటే పని. సినిమా పేజీలోంచి హీరోగారి బొమ్మ కత్తిరించుకుని టైలరు కొట్టు ముందు నిలబడడం! "అచ్చం ఇట్లే కుట్టాల" అని మా పంతం. మా టైలరు ఆ బొమ్మ వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. టేపు తీసి మా నడుం చుట్టూ తిప్పేవాడు. "బొమ్మ గోడకి అంటించుకోప్పా. కొలత మాత్రం నీ ఒంటికే తీయాల. ఆయన నడుము నీకుండాదా?" అనేవాడు.

ఆ మాట విలువ నాకు ఇన్నేళ్ళకి తెలిసొచ్చింది. అదీ ప్యాంటు విషయంలో కాదు, సైకిలు విషయంలో!

సైకిలంటే పాలబ్బాయి తొక్కే నల్ల సైకిలు అనుకునేరు. బి.ఎమ్.ఎక్స్. సైకిలు! ఇరవై అంగుళాల చక్రాలు, కురచ ఫ్రేము, ఎత్తయిన హ్యాండిలు. మట్టిదిబ్బ ఎక్కి, గాల్లోకి లేచి, దభీమని దిగి, మళ్ళీ పరిగెత్తే రకం. దాని ఫ్రేమును మా మేనల్లుడి కోసం కొలతలిచ్చి ప్రత్యేకంగా చేయించాం. ఆ కథే ఇది.

వెండితెర మీద ఎగిరింది

ఈ సైకిలును నేను మొదట చూసింది వీసీఆర్‌లో. రాత్రికి అద్దెకు తెచ్చి, వీధి వీధంతా ఒక్క గదిలో కూర్చుని చూసే రోజులు. 1982లో వచ్చిన స్పీల్‌బర్గ్ 'ఇ.టి.' వేశారు. పోలీసులు తరుముతుంటే పిల్లలు సైకిళ్ళ మీద సందుల్లో, దిబ్బల్లో దూసుకుపోతారు. ఆఖర్న ఆకాశంలోకే లేచిపోతారు! ఆ సైకిళ్ళు జపాన్‌లోని ఒసాకాకు చెందిన కువహారా కంపెనీవి. హీరో కుర్రాడిది ఎరుపూ తెలుపూ రంగు. ఆ రంగు నా కళ్ళలో ఇప్పటికీ వుంది.

దానికి ముందే 1971లో 'ఆన్ ఎనీ సండే' అనే మోటారు సైకిళ్ళ డాక్యుమెంటరీ వచ్చింది. అందులో మొదట కాలిఫోర్నియా పిల్లలు కొందరు చిన్న సైకిళ్ళ మీద కూర్చుని, మోటారు సైకిలు రేసుల్లా మట్టిలో పందాలు వేస్తూ కనిపిస్తారు. అది చూసి అమెరికాలో వూరూరా పిల్లలు ఎగబడ్డారు. 1983లో ఆస్ట్రేలియా వాళ్ళు 'బి.ఎమ్.ఎక్స్. బ్యాండిట్స్' తీశారు. అందులో టీనేజీ అమ్మాయిగా నటించిన నికోల్ కిడ్మన్ తర్వాత ఎంత పెద్ద తార అయిందో మీకు చెప్పాలా! ఇక 2008 బీజింగ్ ఒలింపిక్స్ నాటికి ఈ పిల్లల ఆట పతకాల పందెమే అయిపోయింది.

మనవాళ్ళేం తక్కువ తిన్నారా? 1989లో 'శివ' వచ్చినప్పుడు నాగార్జున సైకిలు చైను లాగాడు. హాల్లో ఈలలు ఆగలేదు. అదే సినిమాలో పాపను సైకిలెక్కించుకుని రౌడీల కారుకు దొరక్కుండా తప్పించుకునే ఘట్టం చూశాక మా వీధిలో అద్దె సైకిళ్ళన్నీ ఒక్క వారంలో వంకర్లు పోయాయి!

అయితే ఈ సైకిలు ఫ్రేము అసలు కథ స్టూడియోలో లేదు, ఒక నాన్నగారి షెడ్డులో వుంది. కాలిఫోర్నియాలో గ్యారీ టర్నర్ అనే ఆయన డ్రాగ్ రేసు కార్ల మనిషి, వెల్డింగ్ బాగా తెలిసినవాడు. కొడుకు క్రెయిగ్ రేసుల్లో తొక్కడానికి 1970ల మొదట్లో క్రోమోలీ గొట్టాలతో స్వయంగా ఫ్రేము కట్టాడు. అది చూసి మిగతా పిల్లలు "మాకూ, మాకూ" అన్నారు. రిచర్డ్ లాంగ్ అనే సైకిలు షాపు యజమానితో కలిసి 1979లో ఆయన పెట్టిన కంపెనీయే జి.టి.! ఎక్కడా దొరకని ఫ్రేమును ఒక పిల్లాడి కోసం చేయడం... బి.ఎమ్.ఎక్స్. బాగుపడింది అలాగన్నమాట.

విరిగింది ఎక్కడ?

మా అక్కావాళ్ళది కడప. వాళ్ళబ్బాయికి పదిహేడేళ్ళు. వీడికి కె.సి. కెనాల్ గట్టే స్టూడియో! సుంకేసుల దగ్గర తుంగభద్రలో పుట్టి, కర్నూలు మీదుగా కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు పారే కాలువ అది. తెల్లదొరల కాలంలో 1863లో తవ్వడం మొదలెట్టారు. ఆ గట్టు మీద వేగంగా వచ్చి, మట్టి వాలు మీంచి లేచి, కింద చేను పక్కన దిగడం మావాడి వేడుక.

వాడి దగ్గరున్నది చూపులకు బి.ఎమ్.ఎక్స్.లా వుండే చవక సైకిలు. ఒకరోజు ఫ్రేము చిట్లింది. వీడు ఇంట్లో చెప్పకుండా వెల్డింగ్ కొట్టించాడు, పైన రంగు పూశాడు. మూడోవారం అతుకు పక్కనే మళ్ళీ విరిగింది, ఈసారి గాల్లోంచి దిగేటప్పుడు! గడ్డానికి ఐదు కుట్లు.

నేను కర్నూలు నుంచి వెళ్ళేసరికి మా అక్క ఒకటే మాట అంది. "ఆ సైకిలు ఇంకోసారి నా గడప తొక్కితే నీతో కూడా మాట్లాడను తమ్ముడూ. సినిమాలు చూపించి చెడగొట్టింది నువ్వే!"

అందులో అబద్ధమేముంది? 'ఇ.టి.' చూపించింది నేనే. వాడు మాత్రం కుట్లున్న గడ్డంతో నా చెవిలో, "మామా, తప్పు నాది కాదు, ఫ్రేముది" అన్నాడు. మాన్పిస్తానని అక్కకు చెప్పనా? కొనిస్తానని వాడికి చెప్పనా? చివరికి, "అక్కా, విరగనిది చేయిస్తా. అది చూసి నువ్వే సరేనంటేనే వాడు ఎక్కేది" అని మాటిచ్చాను.

మేస్త్రి చెప్పిన 'కాదు'

ముందు కడపలోనే ట్రాక్టరు ట్రాలీలు కట్టే ఒక వెల్డింగ్ మేస్త్రి దగ్గరికి విరిగిన ఫ్రేము పట్టుకెళ్ళాం. హ్యాండిలు గొట్టం వెనక, కింది కమ్మీ అడుగున విరిగింది. మేస్త్రి వేలు పెట్టి చూపించాడు.

"సామీ, దిగినప్పుడు బరువంతా వచ్చి తగిలేది ఈడ్నే. అతుకు విరగలే, అతుకు పక్కన విరిగింది సూడు. కాలి కాలి ఆడ ఇనుము సత్తువ పోయింది. పల్చటి గొట్టానికి లావు రాడ్డు పెట్టి కాలిస్తే ఇంతే."

"అయితే కొత్తది నువ్వే చెయ్యి మేస్త్రీ" అన్నాను.

"నేను ట్రాలీ చేస్తా, గేటు చేస్తా. ఇది చెయ్యను. గొట్టాలు కదలకుండా పట్టే పట్టు నా కాడ లేదు. అర్ధ అంగుళం వంకరబోతే బిడ్డ పండ్లు రాల్తాయి. ఈ పనే చేసేటోళ్ళ కాడికి పో. ముందు మాత్రం బొమ్మ గీసుకో. కాగితం మీద కాదు, బండ మీద, నిలువు కొలతకి."

వచ్చే బేరాన్ని కాదని, చేయవలసిన పని చెప్పిన మనిషి! చేతులెత్తి దండం పెట్టాను.

కడప బండ మీద సుద్దముక్క

అక్కావాళ్ళ వసారాలో పరిచినవి నల్లటి కడప బండలు. సుద్దముక్క గీత చక్కగా పడుతుంది. ముందు రెండు చక్రాలు గీశాం. తర్వాత వాణ్ణి గోడకు నిలబెట్టి కొలిచాం. ఐదడుగుల ఆరంగుళాలు. ఇక అసలు కొలతలు.

పైకమ్మీ పొడవు: హ్యాండిలు గొట్టం నడిమి నుంచి సీటు గొట్టం నడిమి దాకా. పొడవాటివాళ్ళకి 21 అంగుళాలు, ఆపైన కూడా వాడతారు. మావాడి ఎత్తుకి 20.5 సరిపోయింది. పొట్టిగా వుంటే మోకాలు హ్యాండిలుకు కొట్టుకుంటుంది. పొడుగైతే ముందు చక్రం లేపడానికి ఒళ్ళు చాలదు.

వెనక కమ్మీ పొడవు: పెడళ్ళ ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా. 13 అంగుళాల లోపు వుంటే వెనక చక్రం మీద నిలబడడం, గిర్రున తిరగడం తేలిక. 14కి దగ్గరైతే వేగంలో స్థిమితం.

హ్యాండిలు గొట్టం వాలు: నేలకు ఎన్ని డిగ్రీలు అని లెక్క. 75, ఆపైన అయితే చెప్పిన వెంటనే తిరుగుతుంది. తగ్గే కొద్దీ నిదానం, నమ్మకం. మన పాత నల్ల సైకిళ్ళకి ఈ డిగ్రీలు ఇంకా తక్కువ. అందుకే పాలక్యాన్లు తగిలించినా తొణక్కుండా పోతాయి.

పెడళ్ళ ఇరుసు ఎత్తు: నేల నుంచి 11.5 అంగుళాల అటూ ఇటూ.

లోహం సంగతి కూడా చెప్పాలి. క్రోమోలీ అంటే ఇనుములో సుమారు 1 శాతం క్రోమియం, 0.2 శాతం మాలిబ్డినం, 0.3 శాతం కర్బనం కలిసిన వుక్కు. దాన్ని 4130 అంటారు. చాలామంది ఇది మామూలు ఇనుము కంటే తేలిక అనుకుంటారు. కాదు! ఘనపు అంగుళానికి బరువు దాదాపు ఒకటే. బలం ఎక్కువ గనుక గొట్టం గోడ పల్చగా పెట్టవచ్చు, అందువల్ల ఫ్రేము తేలిక అవుతుంది. పల్చటి గొట్టం గనుకనే దాన్ని అతికించడానికి చెయ్యి తిరిగినవాడు కావాలి.

ఒక డిగ్రీ తగాదా

మావాడు ఫోనులో వీడియో చూపించాడు. విదేశీ కుర్రాడొకడు మెట్ల రెయిలింగు మీద జారుతున్నాడు. "మామా, వీడి ఫ్రేము లెక్కలే రాద్దాం. వాలు 75.5, వెనక 12.75! 'ఒక్కడు'లో మహేష్‌బాబు నిలబడ్డ కొండారెడ్డి బురుజు ముందర ఒక వీడియో తీశామంటే..."

2003లో ఆ సినిమా చూసి బురుజు దగ్గర ఫోటో దిగినవాణ్ణి నేను కూడా. వాణ్ణేమనను? కానీ మా టైలరు మాట చెవిలో మోగింది.

"ఒరేయ్, నువ్వు వారానికి ఎన్నిసార్లు బురుజు కాడికి వస్తావు?"

"సంవత్సరానికి ఒకసారి."

"గట్టు మీదికి?"

"రోజూ."

వాడికే అర్థమైపోయింది. గట్టు మీద వేగం వుంది, మెత్తటి మట్టి వుంది, వంకరటింకర దిగుడు వుంది. వాడే సుద్దముక్క తీసుకుని 75.5 చెరిపి 74.5 వేశాడు. వెనక కమ్మీ 13.6 చేశాడు. ఆ పొడవు పెంచడం వల్ల ఇంకో లాభం కూడా కలిగింది. మా నేలలో పల్లేరుకాయలు జాస్తి కదా. కాలిఫోర్నియాలో కూడా ఇదే మొక్క వుంది. అక్కడి సైకిలు కుర్రాళ్ళు దాన్ని 'మేకతల' అని తిట్టుకుంటారు! దానికి తట్టుకునే దళసరి టైరు పెట్టాలంటే వెనక చోటు కావాలి. ఆ చోటు దొరికింది.

ఆర్డరు కాగితం

బెంగుళూరు వైపు ఫ్రేములు మాత్రమే చేసే ఒక చిన్న షెడ్డుకు బొమ్మ పంపాం. సగం డబ్బు ముందే కట్టాలి. మర్నాడే వాళ్ళు ప్రశ్నలు పంపారు. చక్రం ఇరుసు లావెంత? పెడళ్ళ ఇరుసు గూడు ఏ రకం? బ్రేకు కావాలా?

ఇక్కడే నేను బోల్తా పడబోయాను. రేసు సైకిళ్ళ పట్టిక చూసి 10 మిల్లీమీటర్ల ఇరుసు గాడి రాసేశాను. మావాడు సెకండ్ హ్యాండులో కొన్న వెనక చక్రానిది 14 మిల్లీమీటర్లు! ఫ్రేము తయారై వచ్చాక చక్రం దూరకపోతే మా అక్క ముందు నా పరువేం కావాలి? అందుకే చెబుతున్నా. చేతిలో వున్న సామాను ముందు కొలవండి, తర్వాతే ఫ్రేము రాయండి.

పళ్ళచక్రం సంగతి కూడా వాళ్ళే చెప్పారు. పాత రేసు సైకిళ్ళకి ముందు 44 పళ్ళు, వెనక 16. ఇప్పటివాళ్ళు ముందు 25, వెనక 9 వాడతారు. భాగించి చూడండి, రెండూ ఇంచుమించు ఒకటే! చిన్నదైతే రాళ్ళకు తగలదు. బ్రేకు కొక్కేలు తప్పనిసరి అని నేను పట్టుబట్టాను. ఆఖరుగా హ్యాండిలు గొట్టం వెనక, పాత ఫ్రేము విరిగిన చోట, అదనపు బిళ్ళ అతికించమని ఎర్ర సిరాతో రాశాను. వాళ్ళు పక్కా బొమ్మ గీసి పంపి, ప్రతి అంకె పక్కనా సంతకం అడిగారు. మామా అల్లుళ్ళం ఇద్దరం పెట్టాం. సంతకం చేశాక మార్చరు. బట్ట కత్తిరించాక టైలరు మారుస్తాడా?

అక్క అడిగిన కొలత

మూడు నెలలకు అట్టపెట్టె వచ్చింది. రంగు ఎరుపూ తెలుపూ. అది నా ముచ్చట, క్షమించాలి! ఫ్రేమును వసారా బండ మీద పడుకోబెట్టి చూశాం. చెరపకుండా వుంచిన సుద్ద గీతల మీద గొట్టం గొట్టానికీ సరిపోయింది. మేస్త్రిని పిలుచుకొచ్చాం. అతుకులన్నీ వేలితో తడిమి, "ఇది పనంటే" అన్నాడు.

అక్క గుమ్మంలో నిలబడి అన్నీ వింది. ఆర్డరు కాగితం చేతికిమ్మంది. పైనుంచి కిందికి నిదానంగా చదివింది. పొడవులు, వాలు, ఇరుసు, గూడు, బిళ్ళ...

"ఇన్ని కొలతలు రాశారే, వాడి తలకాయ కొలత యాడ?"

ఇద్దరం నోళ్ళు తెరిచాం. హెల్మెట్! గడ్డానికి ఐదు కుట్లు పడిన పిల్లాడి కోసం మూడు నెలలు లెక్కలు కట్టిన ఇద్దరికీ ఆ ఒక్క కొలతా తట్టలేదు. అక్కే కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసింది. కనుబొమల పైన అంగుళం ఎత్తున వాడి తల చుట్టూ తిప్పి కొలిచింది. ఆ అంకె కాగితం కింద తనే రాసి సంతకం పెట్టింది.

హెల్మెట్ వచ్చిన ఆదివారం గట్టు మీదికి నలుగురం వెళ్ళాం. మొదటిసారి వాడు గాల్లోకి లేచినప్పుడు అక్క కళ్ళు మూసుకుంది. రెండోసారి తెరిచే వుంచింది.

కుర్రమిత్రులారా! హీరోగారి బొమ్మ గోడకు అంటించుకోండి, తప్పులేదు. నా గోడ మీదా వుంది. కొలత మాత్రం మీ ఒంటికి తీసుకోండి, మీరు తొక్కే నేలకు తీసుకోండి. అందులో తలకాయను మాత్రం మరిచిపోకండేం!