టిక్‌టాక్ బ్యాన్: చట్టంలో 90 రోజులు, బయట ఏడాది!

"అమెరికాలో ఫలానా యాప్ బ్యాన్" అని హెడ్‌లైన్ కనిపించగానే మనం ఫార్వర్డ్ కొట్టేస్తాం. నేను మాత్రం ఇప్పుడు ముందుగా ఒక్కటే వెతుకుతాను: ఆ బిల్లులో ప్రెసిడెంట్‌కి ఎంత వెసులుబాటు ఇచ్చారు? అక్కడి కాంగ్రెస్ తెచ్చే ఆంక్షల బిల్లుల్లో చాలావాటికి 'వేవర్' అనే క్లాజ్ ఉంటుంది. ప్రెసిడెంట్ సంతకం పెడితే ఆ ఆంక్ష కొన్నాళ్లు ఆగిపోతుంది. విదేశీ వ్యవహారాలు రోజుకో రకంగా మారతాయి, ప్రతిసారీ చట్టాన్ని సవరించలేం కదా అన్నది దీని వెనక లాజిక్.

దీనికి మనందరికీ తెలిసిన ఉదాహరణ టిక్‌టాక్. అక్కడ క్లాజ్ పేరు వేవర్ కాదు, గడువు పొడిగింపు. కానీ చేసే పని దాదాపు అదే.

చట్టంలో ఏముంది?

2024 మార్చిలో ప్రతినిధుల సభ పాస్ చేసిన బిల్లులో బైట్‌డ్యాన్స్‌కి ఇచ్చిన టైమ్ సుమారు ఆరు నెలలు. ఆ లోపు టిక్‌టాక్‌ని అమ్మెయ్యాలి. సెనెట్ దారి సుగమం చేయడానికి ఏప్రిల్‌లో దాన్ని 270 రోజులకు పెంచారు. పైగా ప్రెసిడెంట్ ఒక్కసారి మాత్రం, గరిష్ఠంగా 90 రోజులు పొడిగించొచ్చు అని చేర్చారు. ఏప్రిల్ 24న బైడెన్ సంతకం పెట్టడంతో అది చట్టమైంది.

ఆ 90 రోజులు కూడా ఊరికే రావు. అమ్మకానికి దారి దొరికింది, చెప్పుకోదగ్గ పురోగతి ఉంది, కట్టుబడి ఉండాల్సిన ఒప్పందాలు కుదిరాయి అని ప్రెసిడెంట్ కాంగ్రెస్‌కి ధ్రువీకరించాలి. చట్టాన్ని లెక్కచేయని యాప్ స్టోర్‌కి ఒక్కో యూజర్‌కి 5,000 డాలర్ల వరకు జరిమానా. 2024లో అమెరికాలో టిక్‌టాక్ యూజర్లు సుమారు 17 కోట్లు. లెక్క కడితే 85,000 కోట్ల డాలర్లు!

జరిగింది వేరే

2025 జనవరి 17న సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది. 18 రాత్రి యాప్ ఆగిపోయింది, మర్నాడే తిరిగొచ్చింది. 20న ట్రంప్ బాధ్యతలు తీసుకుని, 75 రోజుల పాటు ఈ చట్టాన్ని అమలు చేయొద్దని అటార్నీ జనరల్‌కి ఆర్డర్ ఇచ్చారు. గమనించండి, ఆయన వాడింది ఆ 90 రోజుల క్లాజ్ కాదు. తర్వాత ఏప్రిల్‌లో, జూన్‌లో, సెప్టెంబర్‌లో మళ్లీ మళ్లీ పొడిగింపులు. చివరికి అమెరికా వ్యాపారం కొత్త జాయింట్ వెంచర్ చేతికి వెళ్లింది 2026 జనవరిలో.

ఈ ఏడాదంతా యాపిల్, గూగుల్ పరిస్థితి ఏంటి? చట్టం పుస్తకంలో అలాగే ఉంది, జరిమానా కూడా ఉంది. వాళ్ల చేతిలో ఉన్నది అటార్నీ జనరల్ రాసిన ఉత్తరాలు మాత్రమే. వాటిని నమ్మి 2025 ఫిబ్రవరిలో యాప్‌ని స్టోర్లలో మళ్లీ పెట్టారు.

పాత కథ ఒకటి

టెల్ అవీవ్‌లోని అమెరికా ఎంబసీని జెరూసలేంకి మార్చాలని 1995లోనే చట్టం చేశారు. జాతీయ భద్రత కోసం ప్రెసిడెంట్ దాన్ని ఆరు నెలలు ఆపొచ్చు అన్నారు. ఎన్నిసార్లు అన్న లిమిట్ పెట్టలేదు. క్లింటన్, బుష్, ఒబామా సంతకాలు పెడుతూనే పోయారు. ఎంబసీ కదిలింది 2018 మేలో! ఆ కేసులో లిమిట్ లేదు, ప్రెసిడెంట్లు క్లాజ్ ప్రకారమే వాడుకున్నారు. టిక్‌టాక్ చట్టంలో లిమిట్ ఉంది, దాన్ని పక్కన పెట్టేశారు. నా ఉద్దేశంలో రెండోదే ఎక్కువ ప్రమాదం.

మన దగ్గర సీన్ రివర్స్

2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లని కేంద్రం ఐటీ చట్టం సెక్షన్ 69ఏ కింద బ్లాక్ చేసింది. ఆ లిస్టుపై పార్లమెంట్‌లో ఓటు లేదు, అమ్ముకోవడానికి గడువు లేదు. అక్కడ చట్టసభ బ్యాన్ చేస్తే ప్రెసిడెంట్ ఆపారు. ఇక్కడ బ్యాన్ చేసిందే ప్రభుత్వం. దారులు వేరైనా, మీ ఫోన్లో యాప్ ఉండాలా వద్దా అన్నది చివరికి ఒక సంతకం మీదే ఆధారపడింది.

ఈసారి బిల్లు న్యూస్ వస్తే ఇవి చూడండి

- వేవర్ ఎన్ని రోజులు? ఎన్నిసార్లు?
- దానికి ప్రెసిడెంట్ ఏం నిరూపించాలి? "జాతీయ ప్రయోజనం" అంటే సరిపోతుందా?
- కాంగ్రెస్‌కి ముందు చెప్పాలా, తర్వాతా?
- రూల్ దాటితే కోర్టుకి వెళ్లగలిగేది ఎవరు?

నాకు నాలుగోదే అన్నిటికంటే ముఖ్యం. టిక్‌టాక్ విషయంలో మొదటి మూడూ గట్టిగానే రాశారు. చట్టాన్ని అమలు చేయాల్సినవాళ్లే చేయం అన్నప్పుడు అడిగేదెవరు అన్న దగ్గరే బిల్లు చేతులెత్తేసింది. చిప్‌ల మీదో, డ్రోన్ల మీదో రేపు ఇంకో బిల్లు వస్తుంది. హెడ్‌లైన్‌లో బ్యాన్ అని ఉన్నా, ముందు ఆ నాలుగో ప్రశ్నకి జవాబు వెతకండి.