తెగిందా? తెంపాడా?

పిల్లలూ! మీరు జనగామలో ఉన్నారనుకోండి. మీ బావ భూపాలపల్లిలో ఉన్నాడు. ఇద్దరూ చెరొక ఫోను పట్టుకుని ఇంటర్నెట్ ద్వారా గోల్ఫ్ ఆట ఆడుతున్నారు. చివరి గుంట. మీ బంతి గుంటకు జానెడు దూరంలో ఉంది. బావ బంతేమో ఇసుకలో కూరుకుపోయింది. సరిగ్గా అప్పుడే తెర మీద "అవతలి ఆటగాడితో సంబంధం తెగిపోయింది" అని అక్షరాలు వచ్చాయి. ఆట రద్దయింది!

మీకు ఒళ్లు మండుతుంది. "ఓడిపోతానని తెలిసి నెట్ ఆపేశాడు, దొంగ!" అని మహబూబాబాద్‌లో ఉన్న అక్కకు ఫోను చేసి మరీ చెబుతారు. సాయంత్రం బావ అంటాడు: "ఒట్టు! మా వీధిలో కరెంటు పోయింది, వైఫై పెట్టె ఆరిపోయింది." (భూపాలపల్లి పక్కనే చెల్పూరులో కరెంటు తయారవుతుంటే అక్కడ పోవడమేమిటని వాదించకండి. ఊళ్లో చెరువు నిండా నీళ్లున్నా ఇంట్లో కుళాయి ఆగిపోవడం లేదూ?)

మరి ఎవరిది నిజం?

ఇలాంటి ఆటల్లో సాధారణంగా రెండు ఫోన్లకూ మధ్య సర్వర్ అనే కంప్యూటరు మధ్యవర్తిగా ఉంటుంది. ప్రతి ఫోనూ ఉండి ఉండి "నేనున్నాను" అని దానికి కబురు పంపుతుంది. కబురు రాలేదంటే సర్వర్‌కు తెలిసేది అంతే, రాలేదని. కరెంటు పోయినా, టవరు చెడినా, బస్సు అడవి దారిలోకి మళ్లినా, బావ కావాలని నెట్ ఆపినా దానికి వినిపించేది ఒకే మౌనం. ఆట నుంచి బయటికి వెళ్లే బొమ్మ నొక్కితే ఆ సంగతి సర్వర్‌కు చేరుతుంది. అందుకే దొంగాట ఆడేవాడు అది నొక్కడు, నెట్ తెంపుతాడు.

ఇది చిన్నపిల్లల తగాదా అనుకోకండి. 2020లో కరోనా వల్ల ప్రపంచ చదరంగ ఒలింపియాడ్‌ను ఇంటర్నెట్‌లోనే జరిపారు. మన కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ భారత జట్టులో ఉన్నారు. సెమీఫైనల్లో పోలండు మీద చివరి నిర్ణయాత్మక ఆట గెలిచి జట్టును ఫైనలుకు చేర్చింది హంపియే. ఆగస్టు 30న రష్యాతో ఫైనలు. రెండవ విడత ఆటలో నిహాల్ సరీన్, దివ్య దేశ్‌ముఖ్‌లకు నెట్ తెగిపోయింది. గడియారం ఆగదు గదా! గడువు దాటి ఇద్దరూ ఓడినట్లయింది. ఆ రోజు అమెరికాలోని సెంచరీలింక్ సంస్థ జాలంలో వచ్చిన లోపం వల్ల ఎన్నో దేశాలలో ఇంటర్నెట్ దెబ్బతిన్నది. మనవాళ్లు అప్పీలు చేశారు. చివరకు ప్రపంచ చదరంగ సమాఖ్య అధ్యక్షుడు ద్వోర్కోవిచ్ రెండు జట్లనూ విజేతలుగా ప్రకటించాడు.

సంతోషమే. కాని అంతకు రెండు రోజుల ముందే ఆర్మేనియాతో పోటీలో వాళ్ల ఆటగాడు మార్తిరోస్యాన్‌కు నెట్ తెగింది. వాళ్ల అప్పీలును తోసిపుచ్చారు. ఆర్మేనియా రెండవ విడత ఆడలేదు, మనం ముందుకు వెళ్లాం. ఆ మౌనానికీ ఈ మౌనానికీ తేడా ఎంత? నాకైతే రెండవ కథ చెప్పకుండా మొదటిది చెప్పడం న్యాయమనిపించదు.

గోల్ఫ్‌లో ఒక సౌకర్యం ఉంది. ఎవరి బంతి వారిది, దెబ్బకూ దెబ్బకూ మధ్య అది కదలదు. ఎన్నో గుంట, బంతి ఎక్కడుంది, ఎన్ని దెబ్బలయ్యాయి అన్న మూడు సంగతులు సర్వర్ రాసి పెట్టుకుంటే చాలు, కరెంటు వచ్చాక బావ అదే ఇసుకలోంచి ఆడవచ్చు. ఎంతసేపు ఆగాలన్నదే చిక్కు. గడువు తక్కువైతే అమాయకుడు ఓడతాడు. ఎక్కువైతే మిమ్మల్ని విసిగించి పంపేయడం దొంగకు సులువు.

ఒక్కసారి తెగితే ఏమీ చెప్పలేం. పదిసార్లు లెక్క పెట్టండి. కరెంటుకు స్కోరు తెలియదు గదా! గెలుస్తున్నప్పుడూ పోతుంది, ఓడుతున్నప్పుడూ పోతుంది. పదిలో తొమ్మిది సార్లు ఓడుతున్నప్పుడే తెగితే అప్పుడు అనుమానించవచ్చు.

మీరే చేసి చూడండి. ఇద్దరు స్నేహితులను వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టి, చీటీల మీద ఎత్తులు రాస్తూ పులి-మేక ఆడమనండి. చీటీలు మోసే సర్వర్ మీరే. కొన్ని చీటీలు చెప్పకుండా జేబులో వేసుకోండి. ఆటగాళ్లు కూడా ఇష్టమైతే కొన్నిసార్లు చీటీ రాయకుండా ఊరుకోవచ్చు. చీటీ రాని ప్రతిసారీ అవతలివాడు "పోయిందా, రాయలేదా" అని ఊహించి కాగితం మీద రాయాలి. చివర్లో మీ జేబు ఖాళీ చేసి, ఎన్ని ఊహలు సరిపోయాయో లెక్కించండి.