మాట రాకనా.. మనసు లేకనా?

పనిచోట మనిషి స్వభావం తెలుసుకోవడం మంచిదే.. ముద్ర వేస్తేనే ముప్పు!

మీటింగులో నోరు విప్పడు. ఏదైనా అడిగితే 'హౌదు సార్' అంటాడు. అంతకు మించి ఒక్క ముక్క రాదు. టీ కొట్టు దగ్గరా నలుగురిలో కలవడు. 'మనిషి మంచోడే గానీ.. మెతక' అని సూపర్‌వైజర్ తేల్చేస్తాడు. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి మేనేజర్ దాకా పోతుంది. మేస్త్రీ పోస్టు ఖాళీ అయినప్పుడు అతని పేరు ఎవరికీ గుర్తుకు రాదు. అదే మనిషి సాయంత్రం ఇంటికెళ్లి అరుగు మీద కూర్చుంటే.. తెలుగులో కబుర్లకు అంతుండదు! వీధిలో తగవులొస్తే తీర్చేది అతనే. వినాయక చవితి పందిరికి చందాలు వసూలు చేసేదీ అతనే. మరి పగలంతా మూగగా ఉన్నదెవరు?

బళ్లారి జిల్లాలో ఇది చిన్న ప్రశ్న కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి. బళ్లారి పట్టణంతో సహా మిగతా తాలూకాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. రాష్ట్రం మారినా ఇళ్లలో తెలుగు మారలేదు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం, పెద్ద కర్మాగారాల్లో పై అధికారులతో హిందీ, ఇంగ్లీషు.. ఇలా రోజుకు మూడు నాలుగు భాషలు మార్చుకుంటూ బతికే చోట ఎవరు స్వతహాగా మితభాషో, ఎవరికి ఆ భాష రాక నోరు మూతపడిందో తేల్చడం అంత తేలిక కాదు. తేల్చకుండానే ముద్ర వేస్తే మాత్రం నష్టపోయేది ఒక మనిషి, అతని కుటుంబం.

మనుషులు ఎన్ని రకాలు?

మనుషులను రకాలుగా విడదీసి చూడటం కొత్తేమీ కాదు. మన ఆయుర్వేదం వాత, పిత్త, కఫ ప్రకృతులని చెప్పింది. భగవద్గీత సత్వ, రజో, తమో గుణాలంది. పూర్వపు గ్రీకు వైద్యులు ఒంట్లోని నాలుగు రసాలను బట్టి మనుషులవి నాలుగు తీరులన్నారు. ఇప్పుడు కంపెనీల్లో తరచూ వినిపించే 'ఇంట్రోవర్ట్', 'ఎక్స్‌ట్రావర్ట్' అనే మాటలకు ప్రచారం తెచ్చింది స్విట్జర్లాండ్‌కు చెందిన మనోవైద్యుడు కార్ల్ యుంగ్. 1921లో వచ్చిన తన 'సైకలాజికల్ టైప్స్' గ్రంథంలో ఆయన వీటిని వివరించారు. మనసు లోపలికి మొగ్గేవారు అంతర్ముఖులు, బయటి ప్రపంచం వైపు మొగ్గేవారు బహిర్ముఖులు. పూర్తిగా ఒకే వైపు ఉండే మనిషి ఉండడనీ ఆయన అభిప్రాయం.

యుంగ్ ఆలోచనను అమెరికాలో తల్లీకూతుళ్లు క్యాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మైయర్స్ అందిపుచ్చుకున్నారు. ఇద్దరూ మనస్తత్వ శాస్త్రంలో శిక్షణ పొందినవారు కారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కొత్తగా పనుల్లోకి వస్తున్న ఆడవాళ్లకు ఏ పని నప్పుతుందో తెలిస్తే బాగుంటుందన్నది వారి ఉద్దేశం. అలా పుట్టిన ప్రశ్నావళే నేడు ప్రపంచమంతా వాడుతున్న 'ఎంబీటీఐ'. అందులో నాలుగు విషయాలు చూస్తారు. నలుగురిలో ఉంటే హుషారు వస్తుందా, ఒంటరిగా ఉంటేనా? కళ్లెదుటి వివరాన్ని నమ్ముతారా, దాని వెనకున్న అర్థాన్ని వెతుకుతారా? నిర్ణయం తీసుకునేటప్పుడు లెక్క ముందా, మనుషులు ముందా? పనికి ముందే ప్లాను వేసుకుంటారా, వచ్చినప్పుడు చూసుకుందాంలే అనుకుంటారా? ఈ నాలుగింటి కలయికలతో మొత్తం 16 రకాలు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. ఈ ప్రశ్నావళి సామర్థ్యాన్ని కొలవదు. మొగ్గు ఎటుందో చెబుతుంది, అంతే. కుడిచేతి వాటం మనిషి ఎడమచేత్తో రాయలేడని కాదు. కొంచెం కష్టపడితే రాస్తాడు. స్వభావమూ అలాంటిదే.

ఒకే కోర్టు.. రెండు సభలు

మొగ్గు వేరు, సత్తా వేరు అనడానికి బళ్లారిలోనే నిదర్శనం ఉంది. వందేళ్ల కిందట ఇక్కడి కోర్టులో ఇద్దరు తెలుగు వకీళ్లు ఉండేవారు. ఒకరు 'ఆంధ్ర నాటక పితామహుడు' ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912). మరొకరు కోలాచలం శ్రీనివాసరావు (1854-1919). ఇద్దరిదీ ఒకే వృత్తి, ఒకే ఊరు, దాదాపు ఒకే వయసు. ఇద్దరికీ నాటకమంటే ప్రాణం. అయినా దారులు వేరు. ధర్మవారి 'సరస వినోదిని సభ'లో పాటలకు, పద్యాలకు పెద్దపీట. చిత్రనళీయం, పాదుకాపట్టాభిషేకం వంటి పురాణ కథలు, విషాద సారంగధర వంటి విషాదాంతం ఆయన కలం నుంచి వచ్చాయి. కోలాచలం వారి మనసు చరిత్ర వైపు మొగ్గింది. 'సుమనోరమ సభ' ఆయనది. విజయనగర పతనాన్ని చెప్పే 'రామరాజు చరిత్ర' రాశారు. ప్రపంచ నాటక చరిత్ర మీద ఇంగ్లీషులో పుస్తకమూ వెలువరించారు. ఇద్దరినీ ఒకే మూసలో పోసి ఉంటే తెలుగు రంగస్థలం ఏదో ఒకటి కోల్పోయేది.

ఈ రెండు దారుల మధ్య ఎదిగినవాడు బళ్లారి రాఘవ (1880-1946). ధర్మవరం వారికి స్వయానా మేనల్లుడు. కోలాచలం వారి నాటకాల్లోనూ వేషం కట్టాడు. 'రామరాజు చరిత్ర'లో పఠాన్ పాత్ర ఆయనకు గొప్ప పేరు తెచ్చింది. పద్యాన్ని రాగాలు తీస్తూ సాగదీయడం రాఘవకు నచ్చేది కాదు. మాటను సహజంగా పలకాలన్నది ఆయన పట్టు. ఆడవేషం ఆడవాళ్లే కట్టాలని పట్టుబట్టాడు. పగలు కోర్టులో వాదించే వకీలు.. రాత్రి రంగస్థలం మీద దుర్యోధనుడు, చాణక్యుడు, హరిశ్చంద్రుడు! తెలుగుతో పాటు కన్నడ, ఇంగ్లీషు నాటకాలూ ఆడాడు. ఆ మనిషికి ఒక్క ముద్ర వేయమంటే ఏది వేస్తారు?

అందరికీ భాషలు అలా అబ్బవు. కర్మాగారంలోనో, ఆఫీసులోనో ఉన్న మామూలు మనిషికి పక్క భాషలో రాఘవకున్నంత పట్టు ఉండాలనుకోవడం అత్యాశే. చిక్కల్లా అక్కడే.

పరీక్షను ఎంతవరకు నమ్మాలి?

పెద్ద సంస్థల్లో స్వభావ పరీక్షలు పెట్టడం ఇప్పుడు మామూలైంది. ఫలితం చూసుకుని 'అచ్చం నా గురించే రాశారే' అని ఆశ్చర్యపోయేవారు చాలామంది. ఈ ఆశ్చర్యం వెనక ఒక కిటుకు ఉంది. 1948లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ తన విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వారికి ఇస్తున్నానని చెప్పి కాగితాలు పంచారు. ఎంత బాగా కుదిరిందో అయిదుకు మార్కులు వేయమన్నారు. సగటున నాలుగుకు పైనే వేశారు. తీరా చూస్తే అందరి కాగితాల్లోనూ ఉన్నది ఒక్కటే రాత! 'మీలో బయటికి రాని శక్తి ఎంతో ఉంది' లాంటి మాటలు ఎవరికి మాత్రం సరిపోవు? చిలక జోస్యం కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది.

ఎంబీటీఐకి ఇంకో లోపం ఉంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి వేరే రకం వస్తోంది. ఉద్యోగంలోకి ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి దీన్ని వాడొద్దని తయారు చేసే సంస్థే చెబుతోంది. పరిశోధకులు ఎక్కువగా వాడేది 'బిగ్ ఫైవ్'. కొత్తదనంపై ఆసక్తి, పనిలో శ్రద్ధ, కలుపుగోలుతనం, ఎదుటివారితో సర్దుకుపోయే గుణం, ఆందోళన.. ఈ అయిదింటిలో ఎవరికి ఏది ఎంత పాళ్లలో ఉందో చూస్తారు. 'నువ్వు ఈ రకం' అని పెట్టెలో పెట్టరు. 1991లో బ్యారిక్, మౌంట్ అనే పరిశోధకులు అంతకు ముందు జరిగిన ఎన్నో అధ్యయనాలను కలిపి చూశారు. అన్ని రకాల కొలువుల్లోనూ పనితీరుతో ముడిపడినట్టు తేలింది ఒక్కటే.. శ్రద్ధ. గలగలా మాట్లాడే గుణం అమ్మకాలు, అజమాయిషీ వంటి కొన్ని కొలువుల్లోనే కలిసొచ్చింది.

జీన్స్ యూనిట్‌లో చూస్తే..

బళ్లారి జీన్స్‌కు పేరు. బట్ట కటింగ్ ఒకచోట, కుట్టు ఒకచోట, వాషింగ్ మరోచోట.. ఎన్నో చేతులు మారితే గానీ ఒక ప్యాంటు తయారు కాదు. ఉదాహరణకు ఒక చిన్న యూనిట్‌నే తీసుకుందాం. పొరలు పొరలుగా పరిచిన బట్ట మీద కత్తెర ఒక్కసారి తప్పితే పదుల కొద్దీ పీసులు పాడవుతాయి. అక్కడ నింపాదిగా, ఒకటికి రెండుసార్లు కొలిచి చూసే మనిషి కావాలి. ఆర్డర్లు తేవాలంటే, బాకీలు వసూలు చేయాలంటే నలుగురితో కలిసిపోయేవాడు కావాలి. ఎవరి తీరు ఏమిటో తెలిసిన యజమానికి పని సులువు.

కానీ అదే యజమాని 'వీడికి మాటలు రావు' అని ఒకతన్ని ఏళ్ల తరబడి కటింగ్ బల్ల దగ్గరే ఉంచేస్తే? ఆ 'మాటలు రానివాడు' ఆదోని, అనంతపురం వ్యాపారులతో తెలుగులో బేరం చేస్తే ఎవరూ గెలవలేరేమో! ఇది తెలుగువాళ్లకే వచ్చే కష్టమూ కాదు. తెలుగు యజమాని దగ్గర చేరిన కన్నడ కుర్రాడిదీ ఇదే అవస్థ. ఉత్తరాది నుంచి కాంట్రాక్టు పనికి వచ్చి తెలుగూ కన్నడం రెండూ అర్థం కాని కార్మికుడి సంగతి చెప్పనే అక్కర్లేదు. మౌనానికి భాష ఒక్కటే కారణమూ కాదు. కొత్తగా చేరిన బెరుకు, కాంట్రాక్టు ఎప్పుడు తీసేస్తారోనన్న భయం, మగవాళ్ల మధ్య ఒక్కతే ఆడమనిషి కావడం.. ఇవేవీ స్వభావాలు కావు, పరిస్థితులు. పరిస్థితి మారితే మనిషీ నోరు విప్పుతాడు.

నోరు విప్పకపోతే ఎవరికి నష్టం?

మౌనం వల్ల ఆ మనిషికి ప్రమోషన్ పోతుంది. సంస్థకు అంతకన్నా ఎక్కువే పోవచ్చు. బెల్టు చిరుగుతోందనో, ఎక్కడో గ్యాస్ వాసన వస్తోందనో ముందు తెలిసేది అక్కడే నిలబడి పనిచేసేవాడికి. 'చెబితే ఏమంటారో, ఏ భాషలో చెప్పాలో' అని అతను ఊరుకుంటే ప్రాణాల మీదికి రావచ్చు. హార్వర్డ్ ప్రొఫెసర్ అమీ ఎడ్మండ్సన్ 1990ల్లో ఆసుపత్రి బృందాల్లో జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి! ఆరా తీస్తే తెలిసిందేమంటే.. అక్కడ తప్పులు ఎక్కువ జరగడం కాదు, భయం లేకుండా బయటికి చెబుతున్నారు.

మాటకారే నాయకుడు కావాలన్న నమ్మకమూ అన్నిచోట్లా నిలవలేదు. ఆడమ్ గ్రాంట్, మరో ఇద్దరు పరిశోధకులు అమెరికాలో 57 పిజ్జా దుకాణాలను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రచురించారు. చెప్పిందే చేసే సిబ్బంది ఉన్నచోట మాటకారి మేనేజర్ దుకాణానికి లాభం ఎక్కువ. సిబ్బందే చొరవ చూపి సలహాలు ఇచ్చేచోట మాత్రం తక్కువ మాట్లాడే మేనేజర్‌దే పైచేయి. కారణం.. అతను వింటాడు.

ఏం చేస్తే మేలు?

'ఇతను మెతక' అని రాసే ముందు అతని ఇంటి భాష ఏదో కనుక్కోవాలి. ఆ భాష వచ్చిన మనిషిని పక్కన పెట్టుకుని ఒక్కసారైనా విడిగా మాట్లాడాలి. మీటింగులో ఏం చర్చిస్తారో ముందురోజే చెబితే మాటలు వెతుక్కునేవారికి వ్యవధి దొరుకుతుంది. నోటితో చెప్పలేనివారు తమకు వచ్చిన భాషలో చీటీ రాసి ఇచ్చే వీలుండాలి. ఏడాదికి ఓసారైనా పనులు మార్చి చూడాలి.. ఎవరిలో ఏముందో అప్పుడే బయటపడుతుంది. స్వభావ పరీక్ష పెడితే పెట్టండి. అది మాట కలపడానికి పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి కాదు. మనిషికి సరిగా రాని భాషలో పెట్టిన పరీక్ష మాత్రం అతని స్వభావాన్ని కాదు, ఆ భాషనే కొలుస్తుంది.

పనిచేసేవారి వైపు నుంచీ కొంత పూనిక ఉండాలి. బళ్లారిలో ఉంటూ కన్నడం నేర్చుకుంటే చేతికి ఇంకో పనిముట్టు వచ్చినట్టే. తప్పులొస్తాయని జంకితే ఏ భాషా రాదు. 'సార్, నాకు మాట సరిగా రాదు గానీ విషయం తెలుసు. తెలుగులో చెప్పొచ్చా?' అని అడగడంలో నామోషీ ఏమీ లేదు. అలా అడిగినవాణ్ని చెప్పనిచ్చే పెద్దమనసు కుర్చీలో ఉన్నవారికి ఉండాలి. నెలకో గంట అలా విన్నా చాలు.. వచ్చేసారి మేస్త్రీ పోస్టు ఖాళీ అయినప్పుడు కొత్త పేరు ఒకటి గుర్తుకొస్తుంది.