కత్తి మీది నెత్తురు యాటదా, మనిషిదా?

పండుగకు యాటను కోసిన కత్తి చూరులో చెక్కి ఉందనుకోండి. నాలుగు రోజులకు గట్టు తగాదా వచ్చి, ఆ కత్తి పోలీసుల చేతికి పోతుంది. "అది యాట నెత్తురే సారూ" అంటారు మీరు. ఎవరు నమ్మాలె?

పరీక్ష చేస్తే తేలుతుంది గానీ, ఒక చిక్కుంది. కత్తి మీద రెండు నెత్తురులూ కలిసి ఉండొచ్చు. కందులు, జొన్నలు కలిసిన రాశిని కాంటా పెడితే క్వింటాలని చెబుతుంది, అందులో కందులెన్నో చెప్పదు. మొత్తం డీఎన్‌ఏను కొలిచే పద్ధతీ అంతే. మనిషి ఆనవాలు పట్టడానికి సాధారణంగా అర నుంచి ఒక నానోగ్రాము మనిషి డీఎన్‌ఏ వేస్తారు. గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం అది. నూటికి తొంభై పాళ్లు యాటదే అయితే, వేసిన నానోగ్రాములో మనిషిది పదో వంతే. ఆనవాలు సగం సగం పడుతుంది.

అందుకే ఇప్పుడు రియల్ టైమ్ పీసీఆర్ వాడుతున్నారు. మనిషి డీఎన్‌ఏకే అతుక్కునే చిన్న ముక్కలు వేసి కాపీలు తీస్తారు. విడతకు రెట్టింపవుతాయి. వెలుగు ఎన్నో విడతలో కనబడిందో చూసి, తెలిసిన తూకాలతో పోల్చి లెక్క కడతారు. మూడు విడతలు ముందుగా కనబడితే ఎనిమిది రెట్లు ఎక్కువ ఉన్నట్టు. యాటకు వేరే ముక్కలు, వేరే లెక్క. చింపాంజీ, గొరిల్లాల డీఎన్‌ఏ మాత్రం మనిషి పరీక్షలోనూ పలుకుతుంది. మన ఊళ్లలో ఆ బెడద లేదు లెండి!

ఏ జంతువో తెలియకుంటే హైదరాబాదు సీసీఎంబీ పద్ధతి ఉంది. సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ 2003లో దీన్ని ప్రచురించారు. సైటోక్రోమ్-బి జన్యువు ముక్కను చదివి జీవిని గుర్తిస్తారు. అయితే కలిసిపోయిన నమూనాలో ఎక్కువున్నదే ముందుకొస్తుంది. అమ్రాబాద్ అడవి అంచున చిరుత మేకను పట్టిందంటే, గాయం మీద చిరుత ఎంగిలి చుక్కంత, మేక నెత్తురు చెంబెడు. అప్పుడు చిరుతకే పలికే ముక్కలతో వెతకాలె.

కాబట్టి కళేబరాన్ని కడగకండి, ఈడ్వకండి, కుక్కల్ని దగ్గరికి రానీయకండి. వెంటనే అటవీ శాఖ వాళ్లకు కబురు పెట్టండి. తగాదాలో కత్తి, గుడ్డ వంటివి మీరు ముట్టుకోవద్దు, పోలీసులే పంచనామా చేసి తీసుకోవాలె. తడి గుడ్డను ప్లాస్టిక్ సంచిలో కట్టబోతే, నీడన ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టమని అడగండి. తడిలో క్రిములు పెరిగి డీఎన్‌ఏను పాడు చేస్తాయి.

నివేదిక వచ్చినంక ఒక్కటి చూసుకోండి. 'మనిషి డీఎన్‌ఏ కనబడలేదు' అన్నదీ, 'ఆనవాలు పట్టేంత మనిషి డీఎన్‌ఏ లేదు' అన్నదీ ఒకటి కాదు. అందులో ఏది రాశారో వకీలుతో చదివించుకోండి.